మెదడు మడతలు విప్పి చాపలా పరవడం ఎలా: ఫ్రీసర్ఫర్‌లో ఫ్లాట్ ప్యాచ్

ఫ్రీసర్ఫర్ అంటే ఎంఆర్ఐ స్కాన్‌లోంచి మెదడు పైపొరని వలలా తీసి చూపించే సాఫ్ట్‌వేర్. ఆ పొరలోంచి కోసుకున్న ముక్కని ప్యాచ్ అంటారు, దాన్ని ఫ్లాట్ చేసేది, అంటే బల్లపరుపుగా పరిచేది కంప్యూటరే, కత్తెర మాత్రం మన చేతిలో ఉంటుంది. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పుంటే నాకు దాదాపు రెండు వారాలు మిగిలేవి. నేనేమో కమాండ్ ఆప్షన్లన్నీ మార్చి మార్చి రన్ చేస్తూ కూర్చున్నా, తీరా చూస్తే తప్పంతా నేను వేసిన కట్‌లో ఉంది. అందుకే ఇందులో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలేషన్ గురించి తక్కువ చెప్తా, కట్ ఎక్కడ వెయ్యాలి ఎందుకు వెయ్యాలి అన్నదాని గురించి ఎక్కువ చెప్తా.

ఇంకో మాట, కమాండ్లు, ఫైల్ పేర్లు అన్నీ ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నా, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి, అండర్‌స్కోర్, చుక్క ఎక్కడొస్తాయో నేను చెప్తా.

అసలు ఎందుకు ఫ్లాట్ చెయ్యాలి అని అడిగేవాళ్ళకి. మన మెదడు పైపొర, అదే కార్టెక్స్, సగటున రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉంటుంది, మందపాటి చపాతీ అనుకోండి. రెండు వైపులా కలిపి విప్పి పరిస్తే సుమారు 2000 చదరపు సెంటీమీటర్లు, అంటే పక్కకి 45 సెంటీమీటర్లున్న చిన్న తువ్వాలంత. అంత తువ్వాలుని పుర్రెలో కుక్కాలంటే ముడతలు పడక తప్పదు కదా, అలా కుక్కినప్పుడు మూడింట రెండొంతుల దాకా ఆ గాడుల లోపలే దాక్కుంటుంది. పైకి కనిపించే గట్లని గైరై అంటారు, లోపలికి పోయే గాళ్ళని సల్కై అంటారు, పొలంలో గట్టూ చాలూ లాగే. ఇప్పుడు ఎఫ్ఎంఆర్ఐలో, అంటే మెదడులో ఏ చోటు పనిచేస్తోందో చూపించే స్కాన్‌లో, రెండు చుక్కలు పక్కపక్కనే వెలిగాయనుకోండి, స్కాన్‌లో వాటి మధ్య దూరం 5 మిల్లీమీటర్లే ఉండొచ్చు, కానీ అవి ఒకే గాడికి ఎదురెదురు గోడల మీద ఉంటే పొర వెంబడి నడిచి వెళ్తే 3, 4 సెంటీమీటర్లు పడుతుంది. కాలవకి అటు గట్టు ఇటు గట్టు మీదున్న రెండు ఇళ్ళలాగ అన్నమాట, చూస్తే దగ్గరే, వెళ్ళాలంటే వంతెన దాకా తిరిగి రావాలి. ఆ నడిచే దూరం కనబడాలంటే పొరని విప్పి పరవాలి.

మరి బెలూన్‌లా ఊదితే చాలదా? చాలా పనులకి చాలు, నిజంగా చాలు. ఫ్రీసర్ఫర్ ఇచ్చే ఇన్‌ఫ్లేటెడ్ సర్ఫేస్ మీద గాళ్ళన్నీ బయటికొచ్చి కనిపిస్తాయి, మీ పని ఒక బొమ్మ వేసి మచ్చ ఎక్కడుందో చూపించడమే అయితే అక్కడితో ఆగిపోండి, ఇంత తిప్పలు అక్కర్లేదు. ఫ్లాట్ ఎప్పుడు కావాలంటే మొత్తం ఒకేసారి ఒకే చూపులో కనబడాల్సినప్పుడు, ముఖ్యంగా చూపుకి సంబంధించిన వీ1, వీ2, వీ3 లాంటి ఏరియాల హద్దులు గీయాల్సినప్పుడు. అవి మెదడు వెనక భాగంలో లోపలికీ, కిందకీ, పక్కకీ వంగి ఉంటాయి, బెలూన్‌ని ఎటు తిప్పినా సగం అవతలికి పోతుంది.

సరే, కత్తెర ఎందుకు? గుండ్రంగా ఉన్నదాన్ని సాగకుండా, ముడత పడకుండా బల్లపరుపుగా చెయ్యడం కుదరదని 1827లోనే గాస్ లెక్కగట్టి నిరూపించాడు. ప్రపంచపటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది చూడండి, నిజానికి ఆఫ్రికా దానికి దాదాపు 14 రెట్లు పెద్దది, అదంతా గుండ్రటి భూమిని నలుచదరం చేసినందుకు కట్టిన జరిమానా. మెదడుకీ అదే గతి. కాకపోతే ముందే కొన్నిచోట్ల కోసేస్తే ఆ సాగడం తగ్గుతుంది. బ్లౌజ్ కుట్టేవాళ్ళని అడగండి, బల్లపరుపు గుడ్డ ఒంటికి గుండ్రంగా అతకాలంటే డార్ట్ వేస్తారు, అదే కొందరు టక్కు అంటారు. మనం చేసేది దానికి సరిగ్గా తిరగేసిన పని, కుట్టేసిన బ్లౌజ్ డార్టులు విప్పి మళ్ళీ గుడ్డని బల్లమీద పరుస్తున్నాం. డార్టు ఉన్న చోట విప్పితే చక్కగా పరుచుకుంటుంది, ఎక్కడపడితే అక్కడ కోస్తే గుడ్డ పాడవుతుంది, ముడత మాత్రం అలాగే ఉంటుంది.

కట్ దాకా రావడానికి ముందు కావాల్సినవి

మంచి టీ1 స్కాన్ ఒకటి, అంటే మెదడు ఆకారం స్పష్టంగా చూపించే ఎంఆర్ఐ. బొమ్మలో ఒక్కో చిన్న గడి, అదే వోక్సెల్, అన్ని వైపులా 1 మిల్లీమీటర్ ఉండేది, సాధారణంగా ఎంపీరేజ్ అనే సీక్వెన్స్‌లో తీస్తారు. మన ఊళ్ళో డయాగ్నొస్టిక్ సెంటర్లో తలనొప్పికి తీయించుకున్న ఎంఆర్ఐ సీడీ ఇంట్లో ఉంది కదా అని దాంతో మొదలెట్టకండి, డాక్టర్ చూడ్డానికి తీసే వాటిలో చాలావరకు ముక్కకీ ముక్కకీ మధ్య 5 మిల్లీమీటర్లు ఉంటుంది, అందులోంచి మడతలు సరిగ్గా రావు. నేర్చుకోవడానికైతే ఫ్రీసర్ఫర్‌తో పాటే బర్ట్ అనే పేరుతో ఒక సాంపిల్ మెదడు వస్తుంది, దాని మీదే మొదటి పది కట్లు వేసి పాడుచెయ్యండి, ఎవరూ ఏమనరు. వేరేవాళ్ళ స్కాన్ అయితే వాళ్ళ అనుమతి ఉండాలి, ఇంకా టీ1 స్కాన్‌లో ముఖం ఆకారం కూడా ఉంటుంది కాబట్టి ఎవరికైనా పంపేముందు ముఖం చెరిపేసి పంపాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఫ్రీసర్ఫర్ ఉచితమే, బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కి చెందిన మార్టినోస్ సెంటర్ వాళ్ళది. దీని వెనకున్న పద్ధతిని ఆండర్స్ డేల్, బ్రూస్ ఫిషల్, మార్టిన్ సెరెనో 1999లో రాశారు. లైసెన్స్ ఫైల్ కోసం రిజిస్టర్ చేసుకోవాలి, డబ్బులేం కట్టక్కర్లేదు. లినక్స్‌లో, మ్యాక్‌లో నేరుగా నడుస్తుంది, విండోస్ వాళ్ళు విండోస్ లోపలే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్ఎల్‌లోనో వర్చువల్ మెషీన్‌లోనో పెట్టుకోవాలి. 8 జీబీ ర్యామ్‌తో నడిపించాను గానీ పక్కన బ్రౌజర్ తెరిస్తే ఏడుస్తుంది, 16 ఉంటే హాయి.

స్కాన్ డైకామ్‌లో, అంటే స్కానర్ ఇచ్చే ఫార్మాట్‌లో ఉంటే డీసీఎం2ఎన్ఐఐఎక్స్ అనే టూల్‌తో నిఫ్టీ అనే ఫార్మాట్‌లోకి మార్చుకుని, స్కాన్‌లోంచి సర్ఫేస్‌లన్నీ తయారుచేసే రీకాన్ హైఫన్ ఆల్ అనే కమాండ్‌కి ఇవ్వాలి, హైఫన్ ఐ తర్వాత స్కాన్ ఫైలు, హైఫన్ ఎస్ తర్వాత మీరు పెట్టుకునే పేరు, చివర్లో హైఫన్ ఆల్. ఇక మర్చిపోండి, మెషీన్ బట్టి ఐదారు గంటల నుంచి రాత్రంతా పడుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టి, స్లీప్ మోడ్ ఆపేసి పడుకోండి. నాకు మొదటిసారి తెల్లారుజామున కరెంట్ పోయి, అప్పటికే ముసలైపోయిన బ్యాటరీ అరగంటకి చేతులెత్తేసి, పొద్దున చూస్తే సగంలో ఆగిపోయింది. అదృష్టం ఏంటంటే మొదట్నుంచి చెయ్యక్కర్లేదు, ఆగిన దశ నుంచి కొనసాగించొచ్చు, లాగ్ ఫైల్ చివర చూస్తే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

అయిపోయాక సబ్జెక్ట్ ఫోల్డర్‌లో, అంటే మీరు పెట్టుకున్న పేరుతో ఉన్న ఫోల్డర్‌లో, సర్ఫ్ అనే ఫోల్డర్ ఉంటుంది, మన పనంతా దాన్లోనే. ఎడమ అర్ధగోళం ఫైళ్ళు ఎల్‌హెచ్ చుక్కతో, కుడివి ఆర్‌హెచ్ చుక్కతో మొదలవుతాయి. వైట్ అంటే తెల్ల పదార్థానికీ బూడిద పదార్థానికీ మధ్య హద్దు, పియల్ అంటే బయటి హద్దు, ఇన్‌ఫ్లేటెడ్ అంటే ఊదిన బెలూన్, స్ఫియర్ అంటే పూర్తి గోళం. ఇవన్నీ ఒకే వల, చిన్న చిన్న త్రిభుజాలు అల్లిన వల, ఒక్కో అర్ధగోళానికి లక్ష పైన ముడులు ఉంటాయి. వైట్‌లో 5000వ ముడి ఏ కణజాలమో ఇన్‌ఫ్లేటెడ్‌లోనూ 5000వ ముడి అదే కణజాలం, చోటు మాత్రమే మారుతుంది. ఈ సంగతి బుర్రలో గట్టిగా పెట్టుకోండి, కింద దీని అవసరం ఉంది.

వల బాగుందో లేదో చూడకుండా కత్తెర పట్టకండి

ఇది దాటేసి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ, నేనూ అంతే. ఒక అర్ధగోళం వల చిల్లులూ పిడులూ లేని మూసిన సంచీలా ఉండాలి. ముడుల లెక్కలోంచి అంచుల లెక్క తీసేసి త్రిభుజాల లెక్క కలిపితే 2 రావాలి, దీన్ని ఆయిలర్ సంఖ్య అంటారు, ఎంఆర్ఐఎస్ అండర్‌స్కోర్ ఆయిలర్ అండర్‌స్కోర్ నంబర్ అనే కమాండ్ లెక్కేసి చెప్తుంది. రీకాన్ హైఫన్ ఆల్ తనంతట తాను చిల్లులు సరిచేస్తుంది కాబట్టి చివరి సర్ఫేస్‌కి 2 వస్తుంది, కానీ 2 వచ్చినంత మాత్రాన అంతా కరెక్టని కాదు, రెండు గట్ల మధ్య పొరపాటున వంతెన కట్టేసిన చోట దాన్ని కొయ్యాలో పూడ్చాలో ప్రోగ్రామ్ ఊహించి చేసేస్తుంది, ఆ ఊహ తప్పొచ్చు. అందుకని ఫ్రీవ్యూలో, అంటే బొమ్మలు చూడ్డానికి ఫ్రీసర్ఫర్‌తోనే వచ్చే ప్రోగ్రామ్‌లో, బ్రెయిన్ వాల్యూమ్ అనే స్కాన్ బొమ్మ మీద వైట్, పియల్ గీతలు వేసుకుని ముక్క ముక్కా చూడండి. ఇన్‌ఫ్లేటెడ్ మీద ముల్లులా పొడుచుకొచ్చిన చోటు ఉందంటే అక్కడ ఏదో తేడా ఉన్నట్టే.

తప్పు కనబడితే తెల్ల పదార్థం వాల్యూమ్‌లో వోక్సెల్స్ చెరపడమో, కలపడమో, ఇది తెల్ల పదార్థమే అని చెప్పే కంట్రోల్ పాయింట్లు పెట్టడమో చేసి మళ్ళీ రీకాన్ నడపాలి. ఇక్కడే పైన చెప్పిన ముడుల సంగతి వస్తుంది. మళ్ళీ నడిపితే వల కొత్తగా అల్లుతుంది, ముడుల నంబర్లన్నీ మారిపోతాయి. ప్యాచ్ ఫైల్లో ఉండేవి ఆ నంబర్లే. కాబట్టి కట్ వేసి, ఫ్లాట్ చేసి, అందులో హద్దులు గీసుకున్నాక అరె ఇక్కడ సర్ఫేస్ తప్పుందే అని ఎడిట్ చేస్తే ఆ కష్టమంతా గంగలో కలిసినట్టే, పాత ప్యాచ్ కొత్త సర్ఫేస్‌కి అతకదు. ఎర్రర్ వస్తే సంతోషించండి, ఒక్కోసారి ఎర్రర్ కూడా రాకుండా చిందరవందర బొమ్మ వస్తుంది. ముందు సర్ఫేస్ ఫైనల్ చేసుకోండి, తర్వాతే కత్తెర.

వెనక భాగం కట్: మొదట ఇదే నేర్చుకోండి

మొత్తం అర్ధగోళం ఒకేసారి పరవాలని సరదా ఉంటుంది, ఆగండి. ఆక్సిపిటల్ లోబ్, అంటే తల వెనక భాగంలోని చూపు ప్రాంతం, దాన్ని మాత్రం కోసి పరవడం తేలిక, తొందరగా అవుతుంది, సాగడం కూడా తక్కువ.

ఫ్రీవ్యూలో ఎల్‌హెచ్ ఇన్‌ఫ్లేటెడ్ తెరవండి. పాత గైడ్లలో టీకేసర్ఫర్ అని ఉంటుంది, ఫ్రీసర్ఫర్ 7 నుంచి అది లేదు, కట్ పని ఇప్పుడు ఫ్రీవ్యూలోనే. కర్వేచర్, అంటే వంపుని బట్టి వేసే రంగులు ఆన్ చేస్తే గాళ్ళు ఎర్రగా, గట్లు పచ్చగా కనిపిస్తాయి, ఇంకో సెట్టింగ్‌లో అయితే గాళ్ళు ముదురు బూడిద, గట్లు లేత బూడిద. రెండు అర్ధగోళాలు ఆనుకునే లోపలి వైపు, అంటే మీడియల్ వైపు మీకు కనబడేలా తిప్పండి. వెనక కొన నుంచి ముందుకి అడ్డంగా పోయే లోతైన గాడి కనిపిస్తుంది, అదే కాల్కరైన్ సల్కస్. కొంచెం ముందుకెళ్ళాక పైనుంచి దిగొచ్చే పరైటో ఆక్సిపిటల్ సల్కస్ దాంతో కలుస్తుంది, రెండూ కలిసి పక్కకి పడుకోబెట్టిన పంగలకర్రలా ఉంటాయి. గుర్తుపట్టలేకపోతే సిగ్గుపడక్కర్లేదు, లేబుల్ ఫోల్డర్‌లో వీ1 అండర్‌స్కోర్ ఎక్స్‌వివో అనే లేబుల్ రెడీగా ఉంటుంది (ఇందులో వీ మాత్రం పెద్ద అక్షరం), దాన్ని పైన వేసుకుంటే వీ1 ఎక్కడుండొచ్చో గీత గీసి చూపిస్తుంది, కాల్కరైన్ దాని మధ్యలోంచి పోతుంది.

మొదటి కట్ ఈ గాడి అడుగున. కట్ టూల్ తీసుకుని, పంగలకర్ర కలిసే చోటుకి కొంచెం ముందు నుంచి మొదలెట్టి, గాడి అడుగు వెంబడే వెనక్కి పాయింట్లు పెట్టుకుంటూ పోండి. పాయింటుకీ పాయింటుకీ మధ్య ప్రోగ్రామ్ తనే దగ్గరి దారి వెతుక్కుంటుంది, పాయింట్లు దూరం దూరంగా పెడితే ఆ దగ్గరి దారి గట్టెక్కి అడ్డంగా పోతుంది, అందుకే దగ్గర దగ్గరగా పెట్టండి. వెనక కొన దాకా లాగకండి, కొంచెం ముందే ఆపెయ్యండి. ఎందుకంటే మనం సూటిగా చూసే మధ్య బిందువు, ఫోవియా, దాని చోటు వెనక కొన దగ్గరే ఉంటుంది, అది తెగితే మ్యాప్ మధ్యలో చిరిగిన పటంలా ఉంటుంది. ఇది డార్టు కొన ఎక్కడ ఆపాలి అన్నట్టే, ఒక అంగుళం అటూ ఇటూ అయినా తేడా కొట్టేస్తుంది.

ఇక్కడ ఒక పేచీ ఉంది, ఒప్పుకోవాలి. కాల్కరైన్ అడుగున కోస్తే వీ1 రెండు ముక్కలవుతుంది. చూపులో పై సగం కాల్కరైన్ కింది గోడ మీద, కింది సగం పై గోడ మీద పడుతుంది, మధ్య అడ్డగీత గాడి అడుగున ఉంటుంది. అంటే మనం సరిగ్గా ఆ అడ్డగీత మీదే కోస్తున్నాం. వీ1, వీ2 హద్దు చూపుని ఎడమ కుడిగా చీల్చే నిలువుగీత పడే చోట ఉంటుంది కాబట్టి ఆ హద్దులు చెక్కుచెదరవు, అందుకే చాలామంది ఇలాగే కోస్తారు, వీ2, వీ3 చక్కగా తెరుచుకుంటాయి. కానీ మీ ప్రశ్నే వీ1 లోపల ఏం జరుగుతోందన్నది అయితే ఈ కట్ మీకు పనికిరాదు, అప్పుడు కట్ వీ1 బయట వేసుకోండి, కొంచెం ఎక్కువ సాగినా పర్లేదు. నా పద్ధతి ఏంటంటే ముందు నేను ఏ హద్దు చూడాలో కాయితం మీద రాసుకుంటా, దాని మీదుగా కట్ పోకూడదు, అంతే.

రెండో కట్ చుట్టూ. వెనక భాగాన్ని మిగతా మెదడు నుంచి వేరు చేసే మూసిన గీత. మీడియల్ వైపు పంగలకర్ర కలిసే చోటుకి ముందు నుంచి మొదలుపెట్టి పైకెక్కి, మెదడు నెత్తి దాటి బయటి వైపు దిగి, కింద నుంచి చుట్టి తిరిగి మొదలెట్టిన చోటికి రావాలి, అల్లం ముక్క కోసినట్టు. మొదటి కట్ ముందు కొన ఈ చుట్టు గీతని తప్పకుండా తాకాలి, తాకకపోతే అది అంచుకి చేరని చిల్లు అయిపోతుంది, గుడ్డ మధ్యలో బ్లేడుతో గీసినట్టు, తెరుచుకోదు. అనుమానంగా ఉంటే మొదటి కట్‌ని చుట్టు గీత దాటించి కాస్త అవతలికి పోనివ్వండి, ఆ మిగులు ఎలాగూ పారేసే ముక్కలోకే పోతుంది.

ఇప్పుడు ఉంచుకోవాల్సిన వైపు, అంటే వెనక భాగంలో ఒక చోట క్లిక్ చేసి, కట్ కాని భాగాన్ని నింపే ఆప్షన్ కొట్టండి. మీరు అనుకున్న ముక్క మాత్రమే మిగలాలి. మొత్తం మెదడు అలాగే మిగిలిందంటే చుట్టు గీతలో ఎక్కడో చిన్న సందు ఉంది, జూమ్ చేసి వెతకండి, నాకు ప్రతిసారీ ఆ సందు కింది వైపే దొరుకుతుంది, తిప్పి చూడ్డానికి బద్ధకం కాబట్టి. సరిగ్గా వచ్చాక ప్యాచ్‌గా సేవ్ చెయ్యండి, పేరు ఎల్‌హెచ్ చుక్క ఆక్సిప్ చుక్క ప్యాచ్ చుక్క 3డీ అని పెట్టడం ఆనవాయితీ. సర్ఫ్ ఫోల్డర్‌లోనే పెట్టండి.

పరవడం

టెర్మినల్‌లో ముందు ఆ సర్ఫ్ ఫోల్డర్‌లోకి వెళ్ళండి, బయట నుంచి నడిపితే పక్క ఫైళ్ళు దొరక్క ఏడుస్తుంది. కమాండ్ ఎంఆర్ఐఎస్ అండర్‌స్కోర్ ఫ్లాటెన్, తర్వాత హైఫన్ డబ్ల్యూ 10, తర్వాత ఇందాక సేవ్ చేసిన 3డీ ప్యాచ్ పేరు, చివర్లో ఫలితం పేరు, అదే పేరులో 3డీ బదులు ఫ్లాట్ అని. హైఫన్ డబ్ల్యూ 10 అంటే ప్రతి పది అడుగులకీ మధ్యలో ఎలా ఉందో ఫైల్ రాస్తూ ఉండమని, మొదటిసారి పెట్టుకోండి, ముద్ద మెల్లగా పరుచుకోవడం చూడ్డానికి సరదాగా ఉంటుంది, తర్వాత 0 పెట్టేయొచ్చు.

లోపల జరిగేది పెద్ద మాయేం కాదు. ముక్కని ముందు బలవంతంగా ఒక పలక మీదికి నొక్కేస్తుంది, అప్పుడు కొన్ని త్రిభుజాలు తిరగబడి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. తర్వాత ప్రతి ముడికీ దాని చుట్టుపక్కల ముడులకీ మధ్య అసలు పొర మీద ఎంత దూరం ఉందో, పలక మీద ఎంత ఉందో పోల్చుకుంటూ ఆ తేడా తగ్గేలా ముడుల్ని కొంచెం కొంచెం జరుపుతుంది, తిరగబడ్డ త్రిభుజాలకి అదనంగా జరిమానా వేస్తుంది. టెర్మినల్‌లో దొర్లే అంకెల్లో నెగెటివ్ అని వచ్చేది తిరగబడ్డ త్రిభుజాల లెక్క, దూరం ఎర్రర్ శాతం ఇంకోటి. రెండూ తగ్గుతూ పోవాలి. చివరికి నెగెటివ్ సున్నా, లేదా సున్నాకి బాగా దగ్గర ఉండాలి. వందల్లో నిలిచిపోయిందంటే ఇంకాసేపు నడిపితే తగ్గుతుందేమోనని ఎదురుచూడకండి, వెనక్కెళ్ళి కట్ చూసుకోండి. వెనక ముక్కైతే తొందరగానే తేలిపోతుంది, మొత్తం అర్ధగోళం అయితే ఒక సినిమా చూసి రావొచ్చు.

ఫ్రీవ్యూలో ప్యాచ్ తెరిచి కర్వేచర్ రంగులు వేసి చూడండి. విసనకర్రలా రెండు రెక్కలు విచ్చుకున్నట్టు ఉంటుంది, మధ్యలో కాల్కరైన్ కట్ తెరుచుకున్న చీలిక. బొమ్మ తిరగబడో, పక్కకో ఉంటే కంగారుపడకండి, దిశ ఏదైనా లెక్క మారదు, తిప్పుకోండి. కానీ ఎడమ కుడి తారుమారై అద్దంలో చూసినట్టు ఉందా అన్నది మాత్రం చూసుకోవాలి, బెలూన్ మీద ఒక చోట క్లిక్ చేసి అదే ముడి ఫ్లాట్ మీద ఎక్కడ పడిందో రెండు మూడు చోట్ల సరిపోల్చితే తెలిసిపోతుంది.

మొత్తం అర్ధగోళం

ధైర్యం వచ్చాక ఇది. ముందు మీడియల్ వాల్ తీసెయ్యాలి, అంటే లోపలి వైపు మధ్యలో రెండు అర్ధగోళాల్నీ కలిపే కార్పస్ కలోజమ్, దాని చుట్టూ ఉన్న చోటు, అది కార్టెక్స్ కాదు, వల మూసెయ్యడం కోసం అక్కడ పొర కట్టారంతే. ఎల్‌హెచ్ చుక్క కార్టెక్స్ చుక్క లేబుల్ వేసుకుంటే దాని హద్దు తెలుస్తుంది, ఆ హద్దు వెంబడి మూసిన గీత. ఇప్పుడు సంచీకి మూతి వచ్చింది. ఆ మూతి నుంచి బయటికి ఐదు చీలికలు, ఇవే రిలాక్సేషన్ కట్లు: కాల్కరైన్ వెంబడి ఒకటి, టెంపోరల్ పోల్, అంటే కణత వైపు భాగం ముందు కొన, దాని చుట్టూ కింది వైపుకి ఒకటి, మిగతా మూడు మీడియల్ వైపు పై భాగంలో సమాన దూరాల్లో గొడుగు పుల్లల్లా. ఈ మూడూ నెత్తి అంచుకి దగ్గర దాకా వెళ్ళాలి, అంచు దాటి బయటి వైపుకి దిగకూడదు, ఎందుకంటే అందరూ చూసేది బయటి వైపే.

నేను మొదటిసారి పిసినారిగా మూడే కట్లు వేశా, ఎంత తక్కువ కోస్తే అంత మంచిదనుకుని. ఫలితం ఎలా వచ్చిందంటే ముందు భాగం అప్పడం వేయించినట్టు అంచులన్నీ ముడుచుకుపోయి, నెగెటివ్ త్రిభుజాలు గుట్టలు గుట్టలు. రెండోసారి కసి కొద్దీ తొమ్మిది వేశా, అప్పుడు సాగలేదు గానీ పక్కపక్కన ఉండాల్సినవన్నీ చెరో రెక్క మీదకి పోయి చూసేవాళ్ళకి ఏం అర్థం కాలేదు. ఆ ఐదు అంకె ఊరికే రాలేదు.

కట్‌ని మౌస్‌తో ఫ్రీవ్యూలో కష్టంగా ఉందనుకునేవాళ్ళకి ఇంకో దారి పైకార్టెక్స్, బర్క్‌లీలో జాక్ గాలంట్ ల్యాబ్ నుంచి వచ్చిన పైథాన్ ప్యాకేజీ. అది బెలూన్‌ని బ్లెండర్ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరుస్తుంది, అక్కడ అంచులు ఎంచుకుని సీమ్‌గా, అంటే కొయ్యాల్సిన గీతగా మార్క్ చెయ్యాలి, బ్లెండర్ తెలిసినవాళ్ళకి ఇది నల్లేరు మీద నడక, తెలియనివాళ్ళకి ముందు బ్లెండరే ఒక కోర్సు. పరిచే పని మామూలుగా మళ్ళీ ఫ్రీసర్ఫర్ కమాండే చేస్తుంది. దాని లాభం తర్వాత కనిపిస్తుంది, ఎక్కడెంత సాగిందో రంగుల్లో చూపిస్తుంది, హద్దులు ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీసుకోవచ్చు, బ్రౌజర్‌లో మెదడు ముడుచుకోవడం, విచ్చుకోవడం తిప్పి చూపించొచ్చు, ప్రెజెంటేషన్‌లో అది వేస్తే ప్రశ్నలడగడం మర్చిపోతారు జనం.

అసలు మీ సొంత సబ్జెక్టుల్ని, అంటే మీరు స్కాన్ చేసినవాళ్ళ సర్ఫేస్‌లని, కొయ్యక్కర్లేని సందర్భం కూడా ఉంది. గ్రూప్ ఫలితం చూపించడమే పనైతే అందరినీ ఎఫ్ఎస్ యావరేజ్ అనే సగటు మెదడుకి మార్చేసి దాని రెడీమేడ్ ఫ్లాట్ వాడుకోండి, నైలెర్న్ అనే పైథాన్ ప్యాకేజీలో కూడా అది దొరుకుతుంది. ఆ ఎఫ్ఎస్ యావరేజ్ 40 మంది మెదళ్ళ సగటు, ఒక్కో అర్ధగోళానికి 1,63,842 ముడులు. హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్ట్ డేటాతో పనిచేసేవాళ్ళకైతే ఆ డేటా చూసే కనెక్టోమ్ వర్క్‌బెంచ్ అనే సాఫ్ట్‌వేర్‌లో 32,492 ముడుల ఫ్లాట్ వస్తుంది. ఇవన్నీ బయటి దేశాల మెదళ్ళే కదా మనవాళ్ళకి సరిపోతాయా అని హైదరాబాద్‌లో ఒక ఫ్రెండ్ అడిగాడు, మంచి ప్రశ్నే. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్ళు 2019లో వంద మంది భారతీయుల స్కాన్లతో ఐబీఏ 100 అనే అట్లాస్, అంటే సగటు మెదడు పటం తెచ్చారు, మనవాళ్ళ మెదడు సగటున కొలతల్లో కొంచెం చిన్నదని అందులో తేలింది. కానీ అది వాల్యూమ్‌కి సంబంధించిన అట్లాస్, మనం మాట్లాడుకుంటున్నది గట్లూ గాళ్ళూ జతచేసే సర్ఫేస్ పద్ధతి, ఇందులో తల సైజు తేడా పెద్దగా అడ్డం రాదు, గాళ్ళ ఆకారం మనిషికి మనిషికీ మారడమే అసలు తలనొప్పి.

ఫంక్షనల్ డేటా ఎక్కించడం గురించి కొంచెమే చెప్తా, అది వేరే పెద్ద కథ. బీబీరిజిస్టర్‌తో ఎఫ్ఎంఆర్ఐని టీ1తో జతచేసి, ఎంఆర్ఐ అండర్‌స్కోర్ వోల్2సర్ఫ్‌తో సర్ఫేస్ మీదకి తేవాలి, పొర మందంలో సగం లోతు నుంచి తీసుకోమని 0.5 ఇవ్వడం మామూలు. ఫ్లాట్ మీద విడిగా ఎక్కించక్కర్లేదు, ముడుల నంబర్లు ఒకటే కాబట్టి బెలూన్ మీద ఉన్నది ఫ్లాట్ మీదకి దానంతటదే వస్తుంది. జతచేయడంలో 2 మిల్లీమీటర్లు తేడా వచ్చినా గాడికి అటు గోడది ఇటు గోడ మీద పడుతుంది, ఫ్లాట్‌లో అది సెంటీమీటర్ల దూరంలో ఇంకో మచ్చలా కనిపించి కొత్తగా ఏదో కనిపెట్టినట్టు సంబరపడతాం. ఫ్లాట్ మీద ఒక గాడికి రెండు వైపులా అద్దంలో చూసినట్టు జంట మచ్చలు కనబడితే ముందు రిజిస్ట్రేషన్‌ని, అదే ఆ జతచేయడాన్ని, అనుమానించండి.

ఇంకో జాగ్రత్త, ఫ్లాట్ బొమ్మ మీద స్కేలు పెట్టి దూరాలూ విస్తీర్ణాలూ కొలవకండి. కొలతలన్నీ వైట్ సర్ఫేస్ మీదో, వైట్‌కీ పియల్‌కీ మధ్యలోనో చెయ్యాలి, ఫ్లాట్ చూడ్డానికీ గీయడానికీ మాత్రమే. గీసిన హద్దుని లేబుల్‌గా సేవ్ చేస్తే అందులో ఉండేది ముడుల జాబితానే కాబట్టి విస్తీర్ణం అసలు సర్ఫేస్ మీద లెక్కవేయించుకోవచ్చు.

ప్యాచ్ సేవ్ చేసిన ప్రతిసారీ పక్కనే ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టి, ఏ తేదీన నడిపిన రీకాన్ మీద కోశారో, ఏ వెర్షనో, ఎన్ని కట్లో, కాల్కరైన్ కట్ ఎక్కడ ఆపారో రాసిపెట్టుకోండి, ఇన్‌ఫ్లేటెడ్ మీద కట్లు కనిపించే స్క్రీన్‌షాట్ కూడా. కుడి అర్ధగోళం కోసేటప్పుడు ఆ స్క్రీన్‌షాట్‌ని అడ్డంగా తిరగేసి పక్కన పెట్టుకుని అదే చోట్ల కొయ్యండి, లేకపోతే రెండు రెక్కలూ రెండు రకాలుగా వచ్చి పక్కపక్కన పెట్టినప్పుడు వేర్వేరు మనుషులవిలా ఉంటాయి.